ప్రీ హార్వెస్ట్ టెస్టు పాసైన చెరువుకి ఏఎంఆర్‌తో పనేంటి?

ప్రశ్న: నేను పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామ మత్స్య సహాయకుడిని. రొయ్య రైతులకి ఏఎంఆర్ (మందులకి సూక్ష్మజీవులు లొంగకపోవడం) గురించి అవగాహన కల్పించమని పైనుంచి చెప్పారు. రైతులేమో "మేం యాంటీబయాటిక్ వాడట్లేదు, ప్రీ హార్వెస్ట్ టెస్టులో నెగటివ్ వచ్చింది, ఇంకేం కావాలి?" అంటున్నారు. వాళ్లకి ఏం చెప్పాలి? చెరువు మీద ఏం చేయించాలి? అసలు ప్రభుత్వాలూ ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లాంటి సంస్థలూ ఇందులో చేసేదేంటి?

సమాధానం:

ఆ టెస్టు దేన్ని చూస్తుందో ముందు రైతుకి విడమరిచి చెప్పండి. సగం వాదన అక్కడే తేలిపోతుంది. ప్రీ హార్వెస్ట్ టెస్టులో ఎలీసా పద్ధతిలో చూసేది రొయ్య కండలో నిషేధిత మందు అవశేషం ఉందా లేదా అన్నదొక్కటే. ఏఎంఆర్ విషయంలో చూడాల్సింది మందుకి లొంగని బాక్టీరియాని. అది కండలో ఉండదు. పేగులో, నీళ్లలో, అడుగు బురదలో, బయట డ్రెయిన్‌లో ఉంటుంది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో లార్వా దశలో ఎవరైనా మందు వేసుంటే, నాలుగు నెలల తర్వాత పట్టుబడి నాటికి దాని జాడ కండలో దొరక్కపోవచ్చు. ఆ మందుని తట్టుకుని బతికిన విబ్రియో అనే బాక్టీరియా మాత్రం సీడు (రొయ్య పిల్లల) సంచిలోనే చెరువుకి వచ్చేసి ఉంటుంది. కాబట్టి రైతు చెప్పేదీ నిజమే, ల్యాబు ఇచ్చిన కాగితమూ నిజమే. అయినా చెరువులో సమస్య ఉండొచ్చు.

అలాగని అవశేషాల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రైతు జేబుకి నేరుగా తగిలేది అదే. యూరోపియన్ యూనియన్ 2022 నవంబరు చివర్నుంచి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కి 0.15 పీపీబీ, నైట్రోఫ్యూరాన్ మందుల మెటబొలైట్లకి (ఒంట్లో మందు విరిగాక మిగిలే పదార్థాలకి) 0.5 పీపీబీ దాటితే చర్య తీసుకుంటోంది. మన దేశపు పెంపకం రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో తనిఖీ చేసే వాటాని 2016లోనే 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. 0.15 పీపీబీ అంటే టన్ను రొయ్యలో 0.15 మిల్లీగ్రాము. కంటికి వేసుకునే 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు ఒక్క గ్రాములో 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. లెక్క ప్రకారం అది 66 టన్నుల సరుకుని హద్దు మీదకి తెచ్చేంత. పట్టుబడి రోజున కూలీల చేతులకీ కళ్లకీ ఏం రాసుకున్నారో అడగమనడం అందుకే, చాదస్తం కాదు. కాలిన గాయాలకి రాసే నైట్రోఫ్యూరజోన్ లేపనం కూడా ఇదే కోవలోది.

నైట్రోఫ్యూరాన్ల విషయంలో రైతులు పొరబడే చోటు ఇంకోటుంది. "పది రోజుల ముందే ఆపేశాం" అంటారు. అసలు మందు రొయ్య ఒంట్లో త్వరగానే మాయమవుతుంది, కానీ దాని మెటబొలైటు ప్రోటీన్‌కి అతుక్కుని వారాల తరబడి ఉండిపోతుంది. ల్యాబు వెతికేది ఆ మెటబొలైటునే. మరో చిక్కు సెమికార్బజైడ్. ఇది నైట్రోఫ్యూరజోన్ గుర్తుగా చూసే పదార్థమే గానీ, రొయ్య పెంకులో సహజంగానూ కొంత ఉంటుంది. పెంకుతో కలిపి రుబ్బిన శాంపిల్‌లో పాజిటివ్ వస్తే, పెంకు పూర్తిగా తీసిన కండతో ఎల్‌సీఎంఎస్ అనే మరింత కచ్చితమైన యంత్రం మీద మళ్లీ చూపించమని పట్టుబట్టాలి.

మరి "ఆక్సీటెట్రాసైక్లిన్‌కి మన దగ్గర అనుమతి ఉందిగా, 0.1 పీపీఎం దాకా పర్వాలేదుగా" అని అడిగేవాళ్లుంటారు. మన ఆహార ప్రమాణాల్లో ఆ పరిమితి ఉన్న మాట నిజం. మన రొయ్యకి పెద్ద కొనుగోలుదారు అమెరికా. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రొయ్యల పెంపకంలో వాడటానికి ఏ యాంటీబయాటిక్‌కీ ఆమోదం ఇవ్వలేదు. అందుకే అక్కడ దొరికితే తిప్పి పంపడమే. ఇక క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు, మెట్రోనిడజోల్ కుటుంబం, ఫ్లోరోక్వినొలోన్లు, గ్లైకోపెప్టైడ్లు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ నిషేధిత జాబితాలో ఎప్పట్నుంచో ఉన్నాయి. పశువులకీ కోళ్లకీ ఆక్వాకీ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ అమ్మకాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జులైలో ఆపేసింది.

చెరువులో యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదు

చట్టం కన్నా ఇది రైతు చెవికి త్వరగా ఎక్కుతుంది. జబ్బు చేసిన రొయ్య చేసే మొదటి పని మేత మానేయడం. మందు కలిపిన మేతని తినేది ఆరోగ్యంగా ఉన్న రొయ్య. అంటే మందు అవసరం లేనిదానికి అందుతుంది, అవసరమైనదానికి అందదు. పైగా రొయ్య మేతని చేప మింగినట్టు మింగదు, పట్టుకుని కొరుక్కుంటూ నిదానంగా తింటుంది. ఈలోపు పై పూతగా కలిపిన మందులో చాలా భాగం నీళ్లలోకి కరిగిపోతుంది. కరిగిన ఆక్సీటెట్రాసైక్లిన్ ఉప్పునీటి కాల్షియం, మెగ్నీషియంతో ముడిపడి చచ్చుబడుతుంది. అదే వారం రైతు మినరల్స్ కూడా చల్లి ఉంటాడు కదా, ఆ ముడి ఇంకా బిగుస్తుంది. చివరికి చెరువు మొత్తం మీద మిగిలేది బాక్టీరియాని చంపలేనంత పలచటి మోతాదు. చంపలేని మోతాదే నిరోధకతని పెంచి పోషించేది. మందు పోయాక కూడా ఆ నిరోధక జన్యువులు బురదలో ఉంటాయి, ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కల రూపంలో ఒక జాతి బాక్టీరియా నుంచి వేరే జాతికి దాటుతుంటాయి.

ఇంకా ముఖ్యమైన సంగతి. గోదావరి జిల్లాల్లో రైతుని ముంచుతున్న జబ్బుల్లో వైట్ స్పాట్ వైరస్ వల్ల వచ్చేది. ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియన్ అనే పరాన్నజీవి. ఈ రెండింటి మీదా యాంటీబయాటిక్‌కి పనే లేదు. రొయ్య తెల్ల దారాల్లాంటి మలం వదిలే వైట్ గట్ జబ్బులో విబ్రియో పాత్ర ఉన్నా, చాలా చెరువుల్లో దాని వెనక ఈహెచ్‌పీ ఉంటుంది. కారణం తేల్చుకోకుండా మందు వేస్తే రెండు మూడు రోజులు గట్టున తెల్ల దారాలు తగ్గినట్టు కనిపించి మళ్లీ మొదలవుతాయి. దాన్ని చూసి "డోసు సరిపోలేదు" అనుకుని రెట్టింపు చేస్తారు.

సాల్మన్ చేపల్లో నార్వే ఈ గండం ఎలా దాటిందో చెప్పుకుంటారు. 1987లో వాళ్లు దాదాపు 48 టన్నుల యాంటీబయాటిక్ వాడారు. ఇప్పుడు ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా ఏడాదికి ఒక టన్ను కూడా వాడట్లేదు. కారణం ఫురంక్యులోసిస్ అనే చేపల జబ్బుకి మంచి టీకా రావడం, సైట్ల మధ్య దూరం పాటించడం, పట్టుబడి తర్వాత సైటుని ఖాళీగా ఉంచడం, ప్రతి ప్రిస్క్రిప్షన్నీ ఒక చోట నమోదు చేయడం. రొయ్యకి చేపకున్నట్టు యాంటీబాడీలు తయారుచేసే వ్యవస్థ లేదు కాబట్టి అలాంటి టీకా మనకి కుదరదు. ఆ టీకా చేసే పనిని మన దగ్గర సీడు, అడుగు, నీళ్లు, మేత కలిసి చేయాలి.

సీడు

హేచరీకి వెళ్లే రైతుతో రెండు కాగితాలు అడిగించండి. ఒకటి వైట్ స్పాట్, ఈహెచ్‌పీ పీసీఆర్ రిపోర్టు. అందులో ఎన్ని పిల్లలు కలిపి పరీక్షించారో చూడాలి. నూటికి 2 పిల్లలకి జబ్బున్న ట్యాంకులోంచి 10 పిల్లల్నే తీసి చూస్తే, జబ్బు పట్టుబడకుండా జారిపోయే అవకాశం 80 శాతం పైమాటే. 30 తీస్తే సగానికి సగం. 150 తీస్తే 5 శాతానికి దిగుతుంది. అందుకే 150 అంటారు. "పీసీఆర్ నెగటివ్" అన్న ఒక్క ముక్కకి విలువ లేదు, కింద సంఖ్య కావాలి.

రెండోది ఆ బ్యాచ్ ట్యాంకు నీటి టీసీబీఎస్ కౌంటు (నీళ్లలో విబ్రియో ఎంత ఉందో చెప్పే లెక్క), లార్వా దశలో వాడిన వస్తువుల జాబితా. చాలా హేచరీలు ఇవ్వవు. అడిగేవాళ్లు పదిమంది అయితే ఇస్తాయి. మీరు ఊళ్లో రైతులందర్నీ ఒకే వారం స్టాకింగ్‌కి (చెరువులో పిల్ల వదలడానికి) ఒప్పించి కలిసి ఆర్డరు పెట్టించగలిగితే ఆ బేరం మీ చేతిలో ఉంటుంది. పదకొండో రోజుకే లార్వా అదిరిపోయేలా ఉందని చెప్పే హేచరీ కన్నా, రెండు ట్యాంకులు పారబోశామని ఒప్పుకునే హేచరీ నయం. పిల్ల పోయినా ట్యాంకు పారబోయని చోట ఏదో మందు నడుస్తోందని అనుమానించాలి.

అడుగు

ఈహెచ్‌పీ వచ్చిన చెరువులో మామూలు సున్నం చల్లి స్టాకింగ్ చేయడం డబ్బు దండగ. దాని స్పోర్లు గట్టివి. అడుగు పగుళ్లిచ్చేదాకా ఎండబెట్టి, హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం, అంటే ఎకరాకి సుమారు 2.4 టన్నులు చల్లి, 10-12 సెంటీమీటర్ల లోతుకి దున్ని కలపాలి. ఆ తర్వాత నీళ్లతో తడపాలి. తడిస్తేనే అది వేడెక్కి మట్టి పీహెచ్ 12కి చేరుతుంది. వారం రోజులు అలా వదిలేయాలి. మూడు చోట్ల ఇది దెబ్బతింటుంది: వ్యవసాయ సున్నం తెచ్చి వేయడం, పాత సంచుల్లో గాలి తగిలి చచ్చిపోయిన సున్నం వాడటం, గట్ల లోపలి వాలుని వదిలేయడం. మట్టి పీహెచ్ కొలవకుండా "వేశాం" అంటే నమ్మకండి, పిడికెడు మట్టి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి మీటరు పెట్టి చూడండి.

మధ్యలో పేరుకునే నల్ల బురదని పంట అయ్యాక ఎత్తి పక్క గట్టు మీద పోయడం మన దగ్గర అలవాటు. తొలి వానకి అది మళ్లీ చెరువులోకో కాలువలోకో చేరుతుంది. దూరంగా పోయించండి.

చేపల చెరువులున్న రైతులకి ఇంకో మాట. కైకలూరు, ఆకివీడు వైపు కట్ల, రోహు చెరువుల్లో కోళ్ల ఎరువు వేయడం మామూలే. కోళ్ల ఫారంలో వాడిన యాంటీబయాటిక్ అవశేషమూ, దానికి అలవాటుపడ్డ బాక్టీరియా కూడా ఆ లోడుతోనే దిగుతాయి. వేయక తప్పదంటే పచ్చిది వద్దు. కుప్పపోసి, లోపల వేడి పుట్టేలా తిరగేస్తూ కంపోస్టు చేసినదే వాడాలి. రొయ్య చెరువులోకైతే అసలు రానీయకూడదు.

నీళ్లు

రిజర్వాయర్‌లోకి 60 మెష్ సంచి గుండా నీళ్లు తీసుకుని, ఒక రోజు మట్టి తేరనిచ్చి, సాయంత్రం బ్లీచింగ్ వేయించండి. 60 పీపీఎం లెక్కన ఎకరం విస్తీర్ణం, మీటరు లోతు అంటే సుమారు 4,000 ఘనపు మీటర్ల నీటికి 240 కిలోలు. ఇది 30 శాతం పైన క్లోరిన్ ఉన్న బ్లీచింగ్‌కి లెక్క. షెడ్డులో మూతి విప్పి ఉన్న సంచిలో అది సగానికి పడిపోయి ఉండొచ్చు. సున్నం ముందు వేసి, బ్లీచింగ్ తర్వాత వేసేవాళ్లున్నారు. అది తలకిందుల పని. క్లోరిన్‌లో చంపే రూపం పీహెచ్ 7.5 దగ్గర సగం ఉంటుంది, 8.5కి వచ్చేసరికి పదో వంతుకి పడిపోతుంది.

బ్లీచింగ్ తర్వాత మూడో రోజునే పిల్ల వదిలేయడం వల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది. శుభ్రం చేసిన నీళ్లు అంటే పోటీ లేని నీళ్లు. ఖాళీ నీళ్లలో అందరికన్నా ముందు పెరిగేది విబ్రియోనే. ఏరేటర్లు తిప్పి క్లోరిన్ మిగల్లేదని ఆర్థోటోలిడిన్ చుక్కలతో చూసుకుని, వారం పాటు ఆల్గే, మేలుచేసే బాక్టీరియా కుదురుకున్నాకే స్టాకింగ్ చేయాలి. పంట మధ్యలో బీకేసీ, అయోడిన్ లాంటి శానిటైజర్లు కొట్టినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మర్నాడు కౌంటు పడిపోతుంది, మూడు నాలుగు రోజులకి మునుపటికన్నా ఎక్కువై కూర్చుంటుంది. శానిటైజర్ కొట్టిన రోజునే ప్రోబయోటిక్ (మేలుచేసే బాక్టీరియా) వేస్తే రెండు ఖర్చులూ నీళ్లపాలు. కనీసం రెండు రోజుల ఎడం ఉండాలి.

ప్రోబయోటిక్ గురించి కూడా కళ్లు తెరుచుకుని ఉండాలి. అందులోని బాసిల్లస్ బాక్టీరియా రకమే నిరోధక జన్యువులు మోస్తుంటే మనమే డబ్బిచ్చి వాటిని చెరువులో చల్లినట్టు. జాతి పేరు, గ్రాముకి ఎన్ని కోట్ల కణాలు, బ్యాచ్ నంబరు లేని ప్యాకెట్‌ని పక్కన పెట్టేయండి. "గట్ స్పెషల్", "వైట్ గట్ క్లియర్" అని పేరు పెట్టి లోపల ఏముందో రాయని సరుకు మరీ ప్రమాదం. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర నమోదై, నిషేధిత యాంటీబయాటిక్స్ లేవని ధ్రువీకరించిన ఇన్‌పుట్ల జాబితా ఉంది. షాపులో డబ్బా పట్టుకుని ఆ జాబితాలో పేరూ తయారీదారూ సరిచూడటం రైతుకి మీరు నేర్పగలిగిన అత్యంత చవకైన పని.

టీసీబీఎస్ ప్లేటు చదవడం

వారానికోసారి ఈ కౌంటు తీస్తే మందు దాకా వెళ్లాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగు చోట్ల, నీటి పైపొర కాకుండా మోచెయ్యి లోతులో, స్టెరైల్ సీసాలో తీసి ఐస్ బాక్సులో పెట్టి, ఆరు గంటల్లోపు ల్యాబుకి చేర్చాలి. 0.1 ఎంఎల్ పరిచిన ప్లేటు మీద 40 కాలనీలు ఉంటే ఎంఎల్‌కి 400. మొత్తం విబ్రియో ఎంఎల్‌కి 1,000 లోపు, పచ్చ కాలనీలు 100 లోపు అన్నది పొలాల్లో పాటించే గీత. గీత కన్నా పోకడ ముఖ్యం. మూడు వారాలు 200, 300, 350 ఉన్న చెరువు కన్నా 50 నుంచి 600కి ఎగబాకిన చెరువు మీద కన్నేసి ఉంచాలి.

ల్యాబులు చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. టీసీబీఎస్ మీడియాని ఆటోక్లేవ్ చేయకూడదు, మరిగిస్తే చాలు. ప్లేటుని 24 గంటల్లోపు చదవాలి. ఆలస్యమైతే పసుపు కాలనీలు చక్కెర అయిపోయి మళ్లీ పచ్చబారతాయి, లేని భయం పుడుతుంది. పచ్చగా ఉన్న ప్రతిదీ చంపేది కాదు, పసుపుగా ఉన్న ప్రతిదీ మంచిదీ కాదు. రంగు చెప్పేది అది చక్కెరని పులియబెడుతుందా లేదా అన్నదే.

కౌంటు ఎగబాకితే మొదట చేయాల్సింది మేత కోయడం. చెక్ ట్రేలో మిగులు, పేగు నిండుదనం చూసి మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించి రెండు మూడు రోజులు ఆగాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కిందకి పోకుండా ఏరేషన్ పెంచాలి. అడుగు బురద సెంటర్ డ్రెయిన్ ద్వారా తీసేయాలి. ఎకరాకి సీడు ఎంత వేశారో కూడా ఇక్కడే బయటపడుతుంది. చదరపు మీటరుకి 60 పిల్లలు అన్నది చట్టం పెట్టిన పైహద్దు, మీ చెరువు మోయగల బరువు కాదు. కరెంటు నమ్మకం లేని చోట అందులో సగమే ఎక్కువ.

రొయ్య చనిపోవడం మొదలైతే

చనిపోయినవాటిని ల్యాబుకి పంపడం వృథా. గంటల్లోనే కుళ్లు బాక్టీరియా కమ్మేస్తుంది. నీరసంగా గట్టు చేరిన, ఇంకా బతికున్న రొయ్యల్ని ఆక్సిజన్ సంచిలో పంపాలి. పీసీఆర్ కోసం అయితే 95 శాతం ఆల్కహాల్‌లో వేయొచ్చు, బాక్టీరియా పరీక్షకి అది పనికిరాదు, గడ్డకట్టించడమూ తగదు.

మన పట్టణాల్లో ఆక్వా ల్యాబులు ఏ మందుకి బాక్టీరియా లొంగుతుందో చూసే "సెన్సిటివిటీ" పరీక్ష అని మందు డిస్కులు వేసి చూపిస్తాయి. ఆ కాగితాన్ని నమ్మేముందు కొన్ని అడగండి. చెరువు నీళ్లని నేరుగా ప్లేటు మీద పోసి డిస్కులు పెట్టారా? అయితే అది చెల్లదు, పది రకాల బాక్టీరియా కలగలిసి ఉంటాయి. లివర్ నుంచి తీసిన ఒకే శుద్ధమైన కాలనీతో, 0.5 మెక్‌ఫార్లాండ్ చిక్కదనంతో, కొంచెం ఉప్పు కలిపిన ముల్లర్ హింటన్ మీడియా మీద చేయాలి. పక్కనే ఈ. కోలై 25922 లాంటి కంట్రోల్ స్ట్రెయిన్ (ఫలితం ముందే తెలిసిన బాక్టీరియా) పెట్టారా అన్నది రెండోది. అది లేకపోతే డిస్కు పాతదా మంచిదా తెలియదు. మూడోది అందరూ మర్చిపోయేది: మనుషుల రోగాలకి పెట్టిన జోన్ (డిస్కు చుట్టూ బాక్టీరియా పెరగని వలయం) కొలతల్ని రొయ్య విబ్రియోకి వాడి "సెన్సిటివ్" అని రాస్తారు. ఆ కొలత మనిషి రక్తంలో మందు ఎంత చేరుతుందో చూసి పెట్టింది, రొయ్య లివర్‌లో ఎంత చేరుతుందో చూసి కాదు. కాబట్టి ప్లేటు మీద పెద్ద జోన్ వచ్చినంత మాత్రాన చెరువులో పనిచేస్తుందని కాదు.

ఇంకొకటి, చాలా విబ్రియోలకి ఆంపిసిలిన్ పుట్టుకతోనే పనిచేయదు. ఆ ఒక్క డిస్కు చూసి "ఈ రైతు మందు వాడాడు" అని రాయకండి.

ల్యాబు ఏం చెప్పినా మీరు యాంటీబయాటిక్ పేరు నోట రానివ్వకూడదు, అది మీ అధికారం కాదు. చేపల చెరువులో వెటర్నరీ లేదా ఫిషరీస్ నిపుణుడు అనుమతి ఉన్న మందు రాసిస్తే, లేబుల్ మీద విత్‌డ్రాయల్ గడువు (మందు ఆపాక పట్టుబడికి ఆగాల్సిన కాలం) లేనప్పుడు డ్రగ్స్ రూల్స్ ప్రకారం 500 డిగ్రీ రోజులు, అంటే రోజువారీ నీటి ఉష్ణోగ్రతలు కలిపితే 500 అయ్యేదాకా, ఆగాలి. నీళ్లు 30 డిగ్రీలుంటే 17 రోజులు, శీతాకాలం 25కి పడితే 20 రోజులు.

రికార్డు

ఒక చెరువుకి ఒక నోటుబుక్కు చాలు. తేదీ, పంట వయసు, వేసిన ప్రతి వస్తువు పేరు, బ్యాచ్ నంబరు, ఎంత వేశారు, ఎవరు చెప్పారు, ఎందుకు. చివరి రెండు గడులే అన్నిటికన్నా విలువైనవి. రైతు యాంటీబయాటిక్ వాడినట్టు ఒప్పుకుంటే గదమాయించకుండా రాసుకోండి, లేకపోతే మళ్లీ చెప్పడు.

ఆ పుస్తకం నుంచి దేశాలు వాడే లెక్కే మీరూ కట్టొచ్చు. 20 శాతం మందు ఉన్న 5 కిలోల డబ్బా అంటే అసలు మందు 1 కిలో. ఆ చెరువు పట్టుబడి 2 టన్నులైతే, కిలో రొయ్యకి 500 మిల్లీగ్రాములు పడింది. నార్వే సాల్మన్‌లో ఇది కిలోకి 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే సమావేశంలో గంట ఉపన్యాసం అక్కర్లేదు.

ప్రభుత్వాలు, ఎఫ్‌ఏఓ

దేశాల స్థాయిలో పని మూడు ముక్కలు: ఎంత వాడుతున్నారో లెక్క, నిరోధకత ఎంత ఉందో నిఘా, వాడాల్సిన అవసరాన్నే తగ్గించడం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2021లో రెండు పత్రాలు ఆమోదించింది. ఒకటి నిరోధకతని తగ్గించే ఆచరణ నియమావళి, రెండోది ఆహార గొలుసు మొత్తం మీద నిఘా ఎలా పెట్టాలో చెప్పేది. వాటిని కాగితం మీద నుంచి కిందకి దించడానికి దక్షిణ కొరియా నిధులతో ఎఫ్‌ఏఓ బొలీవియా, కంబోడియా, కొలంబియా, మంగోలియా, నేపాల్, పాకిస్తాన్‌లలో ఒక ప్రాజెక్టు నడిపింది. ల్యాబుల స్థాయి కొలవడానికి అట్లాస్ అనే సాధనం, డేటా చేర్చడానికి ఇన్‌ఫార్మ్ అనే వేదిక, ఫారాల్లో మందు అవసరం తగ్గించడానికి రెనోఫార్మ్ అనే కార్యక్రమం కూడా ఎఫ్‌ఏఓవే. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రకటన వ్యవసాయ, ఆహార రంగాల్లో వాడకాన్ని 2030కల్లా అర్థవంతంగా తగ్గించాలంది, కానీ అంకె పెట్టలేదు. అంకె మీద దేశాలు ఒప్పుకోకపోవడమే దానికి కారణం.

మన దేశానికి 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది, ఆంధ్రప్రదేశ్ 2022లో రాష్ట్ర ప్రణాళిక తెచ్చుకుంది. చేపలు, పశువుల్లో నిరోధకతని గమనించడానికి ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థలు ఎఫ్‌ఏఓ తోడ్పాటుతో ఇన్‌ఫార్ అనే నెట్‌వర్కు నడుపుతున్నాయి. లోటు ఎక్కడంటే, అవశేషాల పరీక్షకి ఎగుమతి కంపెనీ డబ్బు కడుతుంది, నిరోధకత పరీక్షకి కట్టేవాడు లేడు. అందుకే జిల్లా స్థాయిలో మొదటిదానికి ల్యాబులు దొరుకుతాయి, రెండోదానికి దొరకవు. షాపుల సంగతి అంతకన్నా చిక్కు. రైతుకి మేతా మందూ అప్పు మీద ఇచ్చేది షాపు, జబ్బుకి సలహా ఇచ్చేదీ షాపే. ఈ అప్పు ముడి విప్పకుండా ఎన్ని పోస్టర్లు అంటించినా డబ్బా అమ్ముడవుతూనే ఉంటుంది. పంట రుణం బ్యాంకు నుంచి సమయానికి రావడం కూడా ఏఎంఆర్ పనే అని మీ పై అధికారుల సమావేశంలో అనండి.

2026 సెప్టెంబరు 3 నుంచి యూరప్ నిబంధన ఇంకో మెట్టెక్కుతుంది. ఎగుమతి చేసే దేశాలు కూడా పెరుగుదల కోసం యాంటీబయాటిక్ వాడట్లేదని, మనుషులకి కేటాయించిన మందులు వాడట్లేదని చూపాలి. కండలో అవశేషం లేకపోతే చాలదు, వాడలేదనే రికార్డు కావాలి. పైన చెప్పిన నోటుబుక్కుకి అప్పుడు ధర వస్తుంది.

మీ ఊళ్లో ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఒకే డ్రెయిన్ మీదున్న చెరువుల్ని ఎంచుకోండి. పై రైతు వదిలిన నీళ్లే కింది రైతు మోటారు తోడుకుంటుంది. వైట్ స్పాట్‌తో పట్టుబడి చేసినవాడు ఆ నీళ్లని బ్లీచింగ్ చేసి, వారం నిలవబెట్టి, అందరికీ ముందు చెప్పి వదిలేలా వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టండి. గ్రూపులో రెండే రకాల మెసేజ్‌లు ఉండాలని నియమం పెట్టండి: ఎవరు ఏ రోజు నీళ్లు వదులుతున్నారు, ఎవరి చెరువులో ఈ వారం టీసీబీఎస్ ఎంత. జబ్బు అనుమానం వస్తే కేంద్రం 2023లో తెచ్చిన 'రిపోర్ట్ ఫిష్ డిసీజ్' యాప్‌లో నమోదు చేయడం మీ పని, రైతు మీద వదిలేయకండి. షాపుల వాళ్లని ఆ గ్రూపులో చేర్చొద్దు.